మడివాలు మాచయ్య

మడి యనగా నేమో తెలియని తెలుగు గృహము లేదు. ముందునాడు తడిపి, ఎవ్వరును తాకకుండ ఎత్తైన దండెము మీద ఆరవేసిన బట్టను స్నానానంతరము కఱ్ఱతో దింపుకొని కట్టుకొనుట మడి. ఆ బట్ట కట్టినవారిని వంట ముగియువరకు, పూజ ముగియువరకు మఱియొకరు తాకరాదు. పసిబిడ్డ పరుగున వచ్చి కొంగు పట్టుకొన్నను మడి చెడును. మరల స్నానము, మరల బట్ట. నూలుబట్టకు మైల త్వరగా అంటునట. పట్టునకును, నారమడికిని, ఉన్ని ధావళికిని అంత త్వరగా అంటదట. చాకలి యింటినుండి వచ్చిన బట్ట మల్లెపూవువలె నున్నను, దానిని ఇంటివారు మరల నీట జాడించి ఆరవేసుకొన్న గాని మడికి పనికిరాదు.

ఈ కడపటి నియమమును కొంచెము నిలిచి చూడవలెను. బట్టలోని మురికిని పోగొట్టినవాడు చాకలి. పురిటింటి బట్టలను, చావింటి బట్టలను మోసికొనిపోయి శుభ్రపఱచి తెచ్చినవాడు చాకలి. ఆ చేయి తగిలినందుననే బట్టకు మైల వచ్చినదని లెక్క. స్మృతికర్తలును ఈ లెక్కనే వ్రాసిపెట్టిరి. అత్రిస్మృతి మొదలగువానిలో అంత్యజులని చెప్పబడిన ఏడు జాతులలో మొదటి పేరు రజకునిదే.

ఈ లెక్కను తలక్రిందులు చేసిన శరణుడు పండ్రెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమున నుండెను. పుట్టుకచే రజకుడు, కాయకముచేతను రజకుడే. కన్నడ దేశమున మడివాళ మాచయ్య యనియు, మాచిదేవుడనియు ఆయనను పిలుతురు. మన పాల్కురికి సోమనాథుడు మడివాలు మాచయ్య యనెను. కన్నడమున మడి యనగా ఉదికిన బట్ట. మడివాళుడనగా ఆ మడిని చేయువాడు, చాకలి. పాత తెలుగునను మడుగు లనగా ఉదికిన తెల్లని వస్త్రములు. అడుగులకు మడుగులొత్తుట యను పలుకుబడి అక్కడిదే. పెద్దలు నడచు త్రోవలో చలువబట్టలు పఱచుట దాని మొదటి యర్థము. కాగా మడి యను మాటకు పుట్టినిల్లు చాకిరేవే యనవచ్చును. అచ్చటినుండి అది వంటయింటికిని, దేవునిగదికిని చేరి, తన్ను కన్నవానిని గడప యవతల నిలిపినది.

మాచయ్య జన్మస్థలము నేటి కర్ణాటకమున విజయపుర జిల్లాలోని దేవర హిప్పరగి. బసవేశ్వరుడు పుట్టిన బాగేవాడి కూడ ఆ జిల్లాలోనిదే. తల్లిదండ్రుల పేర్లు సుజ్ఞానవ్వ, పర్వతయ్య యని సంప్రదాయము. ఆ యూరి దైవమైన కలిదేవునియందు ఆయనకు గల భక్తి ఎట్టిదో ఆయన వచనములే తెలుపును; ప్రతి వచనము చివర ఆ స్వామి నామమే ముద్రికగా నుండును. నేటికి లభించినవి సుమారు 350 వచనములు. బట్టలుతుకు చేతితోనే ఇన్ని వచనములు కట్టినవాడు, వ్రాయుటయు చదువుటయు కొన్ని కులములకే చెల్లుననెడి నియమమును ఎన్నడును ఒప్పుకొనలేదని వేఱుగా చెప్పనక్కఱలేదు.

బసవేశ్వరుని కీర్తి విని మాచయ్య కల్యాణమునకు వచ్చెను. బిజ్జలుని కొలువులో దండనాయకుడుగా నున్న బసవేశ్వరుని చుట్టు నాడు నానా కాయకములవారు చేరియుండిరి. చెప్పులు కుట్టు హరళయ్య, తోళ్లు పదునుపెట్టు కక్కయ్య, పడవ నడుపు చౌడయ్య, త్రాళ్లు పేను చందయ్య, కట్టెలమ్ము మారయ్య, వెదుళ్లతో పని చేయు కేతయ్య మున్నగువా రందఱును లింగధారులై, ఒకరి యింట నొకరు భుజించుచు, అనుభవ గోష్ఠిలో సమానముగా కూర్చుండిరి. మాచయ్య కోరి యెన్నుకొన్న సేవ వారి బట్టలుతుకుట. కల్యాణమునకు వచ్చిన పిమ్మట ఆయన వృత్తి మార్చుకొనలేదు. బసవేశ్వరుని యండ గలవానికి వేఱొక పని దొరకకుండునా? అట్టి తలపే ఆయనకు రాలేదు.

చాకలి పని యెంతటిదో నేడు యంత్రములో బట్టలు వేసి మీట నొక్కువారికి తెలియకపోవచ్చును. విడిచిన బట్టలను ఇంటింటను పోగుచేసికొని, మూటగట్టి రేవునకు మోయవలెను. చౌడుమట్టి నీటిలో నానబెట్టవలెను. బానపై పేర్చి, క్రింద మంటబెట్టి, రాత్రియంతయు ఆవిరిలో ఉబ్బవేయవలెను. తెల్లవారకమునుపే మోకాలిలోతు నీట నిలిచి, ఒక్కొక్క బట్టను బండమీద బాది, పిండి, జాడించి, ఎండలో ఆరవేసి, సాయంకాలమునకు మడతలు పెట్టి, ఎవరి బట్ట వారికి తప్పకుండ అందింపవలెను. చలికాలమున కాళ్లు పగులును. చౌడు తిని అరచేతుల తోలు ఊడును. మడిబట్ట కట్టినవారికి ఈ కష్టము కంటబడదు. బట్ట తెలుపు మాత్రమే కంటబడును.

ఈ పనిని మాచయ్య పూజగా చేసెను. బట్టలు నానుచున్నంతసేపును, ఉబ్బ ఉడుకుచున్నంతసేపును శివస్మరణ. ఆయన దృష్టిలో బండయే పీఠము, రేవే గుడి. శరణుల బట్టలు తప్ప అన్యుల బట్టలు ముట్టరాదని వ్రతము పట్టెను. శరణులలో సైతము కాయకము చేసి బ్రదుకువారి బట్టలే ఉతికెనని పెద్దలందురు. కూర్చుండి తినువాడు విభూతి యెంత దట్టముగా పూసికొన్నను వాని బట్ట ఆయన రేవున తడిసెడిది కాదు. బట్ట మైల పుట్టుకవలన వచ్చునదికాదు, నడతవలన వచ్చును అనుట ఆయన మతము. ఆ మతమును ఆయన వచనములలో పలుకుటయే కాక, ఏ మూట నెత్తవలెనో ఏది విడువవలెనో నిర్ణయించుటలో నడపి చూపెను.

ఇక సోమనాథుడు చెప్పిన కథ. మాచయ్య ఉదికిన బట్టల మూటను తలకెత్తుకొని వీథిని పోవునపుడు గంట మ్రోగుచుండును, చేత కత్తి యుండును. ఇవి శివభక్తుల వస్త్రములు, భక్తిలేని భవి యెవ్వడును వీనిని తాకరాదు, తాకినవాడు బ్రదుకడు అని చాటుచు నడచును. ఒకనాడొక భవి ఆ మాట లెక్కసేయక మూటను తాకెను. మాచయ్య వానిని అక్కడికక్కడే తెగవేసెను. జనులు బిజ్జలుని కడకు పరుగిడి మొఱపెట్టిరి. చాకలివా డొకడు నడివీథిని మనుష్యుని చంపుటయా యని రాజు మండిపడెను. బసవేశ్వరుడు మాచయ్య మహిమను తెలిపి వలదని వారించినను వినక, మదపుటేనుగును, భటులను ఆయనపైకి పంపెను. మాచయ్య ఏనుగును కూల్చెను, భటులను గెల్చెను. అంతట బిజ్జలునకు భయము పుట్టి, వచ్చి శరణు వేడగా, కరుణించి మాచయ్య పడినవారి నందఱిని మరల బ్రదికించెను.

ఇది పురాణకథ. దీనిని చదువువారికి రెండు విధములైన తలపులు పుట్టును. మొదటిది మెచ్చుకోలు. ఈ దేశమున కొన్ని కులములవారు ఊరిలో నడచునపుడు తమ రాకను తామే చప్పుడు చేసి తెలుపవలెననెడి నియమము చాల పాతది. అయిదవ శతాబ్దమున వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాను, చండాలులు పట్టణములో ప్రవేశించునపుడు కఱ్ఱను తట్టుచు నడచుటను, జనులు తాకకుండ తొలగిపోవుటను వ్రాసియున్నాడు. తమ నీడవలన పెద్దకులములకు మైల సోకకుండుటకై ఆ చప్పుడు. మాచయ్య గంట కూడ జనులను తొలగుమనుటకే. కాని ఇచట తొలగవలసినవాడు మాఱినాడు. చాకలి మూట పవిత్రము. దానిని తాకి చెఱుపకుండ వీథిలోని గొప్పవాడు ప్రక్కకు నిలువవలెను. ఇంతకంటె సూటిగా ఆ పాత లెక్కను తిరుగవేసిన కథ మఱియొకటి కానరాదు.

రెండవది సంకోచము. తాకినవాని ప్రాణము తీయుట శరణధర్మమా? బసవేశ్వరుడు దయలేని ధర్మమును ధర్మమే కాదన్నవాడు. ఆ మహాత్ముని కల్యాణమున, బట్ట తాకినంతమాత్రమున మనుష్యుని నఱకుట యెట్లు పొసగును? సోమనాథుని కాలమునాటి వీరమాహేశ్వర నిష్ఠ అట్టిది. ఆయన భక్తులెల్ల కత్తివాదర వంటివారు. చివర మాచయ్యచేత అందఱిని బ్రదికింపజేసి కథ ముగించుట చూడగా, ఆ చావు ఆ కవికిని కడపటి మాట కాదని తోచును. కత్తిని కత్తిగానే పట్టుకొని, భవులను తాకనీయకుండుటయే మాచయ్య బోధ యనుకొన్నచో, ఒక మడిని కాదని వేఱొక మడిని కట్టుకొన్నట్లగును. భవి, భక్తుడు అను భేదము ఆయనకు పుట్టుకతో వచ్చినది కాదు. ఈ దినము భవియైనవాడు రేపు లింగము ధరించి, కాయకము పట్టినచో, ఎల్లుండి వాని బట్ట ఆయన మూటలో చేరును. దండెముమీది మడిలో ఈ వెసులుబాటు ఎన్నడును లేదు.

వీరశైవమున పంచసూతకములు లేవందురు. జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము, జాతి అను ఈ ఐదింటివలన కలుగు మైల లింగధారికి అంటదు. మన పెండ్లిండ్లలోను, పురాణశ్రవణములలోను ఈ మాట వినబడుచునే యుండును. చాకలి బట్టను మరల తడిపి మడికట్టు ఆచారమునకు మూలములు వెదకినచో ఈ ఐదింటిలోనే దొరకును. పురిటిబట్ట, చావుబట్ట, ముట్టుబట్ట, ఎంగిలి తగిలిన బట్ట, అన్యజాతి తాకిన బట్ట అనునవి గదా మైలబట్టలు! ఐదును పోయిన యింట ఆ దండెమున కిక పనియేమి? అయినను మెడలో లింగమున్న కొన్ని యిండ్లలో నేటికిని దండెము ఎత్తుగానే యున్నది, కఱ్ఱ మూలనే యున్నది. ఇరుగుపొరుగు బ్రాహ్మణ గృహములను చూచి కొంత, పెద్దకులమనిపించుకొనవలెననెడి కోరికచే కొంత, అత్తలనుండి కోడండ్రకు అది సంక్రమించినది. స్నానము, ఉదికిన బట్ట, శుచియైన వంటయిల్లు వేఱు. వానిని మాచయ్య కంటె ఎక్కువగా కోరినవాడెవ్వడు? మనుష్యుని చేయి తగిలిన బట్ట చెడినదనుట వేఱు.

మాచయ్య కత్తి పరులమీదనే కాదు, తనవారిమీద సైతము లేచెడిది. అయితే అది మాట కత్తి. లాంఛనము ధరించి నడత తప్పినవారిని ఆయన వచనములలో మందలించిన తీరు మిక్కిలి కఠినము. బసవేశ్వరుడే ఒకమా రా మందలింపునకు లోనయ్యెనని పురాణము. జంగములు కోరినదెల్ల లేదనక యిచ్చుచున్న బసవనికి, తనవంటి దాత లేడను తలపు లేశమాత్రము మనసున మొలచెనట. ఆ సంగతి మాచయ్యకు తెలిసెను. తక్కిన శరణులందఱును బిచ్చగాండ్రా, బసవడొక్కడే ఇచ్చువాడా యని ఆయనకు కినుక గలిగెను. బసవేశ్వరుడు వెదకికొని వచ్చునప్పటికి ఆయన నీటిలోనే యుండెను. ఆయన కాలితో చిమ్మిన నీటిబిందువులు ముత్యములై, మణులై రాలెను. బసవేశ్వరుడు చూచెను, తల వంచెను, క్షమింపుమనెను. బట్టల మురికినీటిలో ఇన్ని మణులున్నవానికి కల్యాణపు భండారము దేనికి? అద్భుతమును నమ్మువారు నమ్మినట్లును, నమ్మనివారు తమ కష్టార్జితము తినువాని సంపదకు గుర్తుగాను దానిని గ్రహింపవచ్చును. ఎట్లు గ్రహించినను, రాజ్యపు దండనాయకుడు చాకిరేవునకు నడచివచ్చి మ్రొక్కుట మాఱదు. తరువాత బసవేశ్వరుడు తన వచనములలో పెక్కుచోట్ల, తన్ను శుద్ధుని చేసినవాడు మాచయ్యయే యని చెప్పుకొనెను. బట్ట ఉదికినట్లు మనసును ఉదికినవాడని భావము.

నులియ చందయ్య వృత్తాంతమునను మాచయ్య పెద్దఱికము కానవచ్చును. చందయ్య చెఱువుగట్టున గడ్డి కోయుచుండగా ఒడలిపై నున్న లింగము జాఱిపడెను. కాయకమునకు ఆటంకమని ఆయన దానిని తీసికొనక తన పని తాను చేసికొనిపోయెనట. లింగము వెంటబడినను చందయ్య కనికరింపడయ్యె. ఆ తగవు తీర్చినవాడు మాచయ్య. కాయకనిష్ఠలో తనంతటివాడే యైనను చందయ్యది తప్పని చెప్పి, లింగమును మరల స్వీకరింపజేసెను. శూన్యసంపాదనమున ఈ సంవాదము విపులముగా నున్నది. పని గొప్పదనుచు లింగమును విడుచుటయు, లింగము గొప్పదనుచు పనిని విడుచుటయు రెండును ఆయనకు సమ్మతములు కావు.

1167-68 ప్రాంతమున కల్యాణము అట్టుడికినట్లు ఉడికెను. చెప్పులు కుట్టిన కులమునుండి వచ్చిన హరళయ్య కుమారునకును, బ్రాహ్మణ కులమునుండి వచ్చిన మధువరసు కుమార్తెకును వివాహము జరిగెనని బిజ్జలుడు ఆ తండ్రుల నిద్దఱిని క్రూరముగా శిక్షించెనని ప్రసిద్ధము. తాకిడినే సహింపని సమాజము పెండ్లి నెట్లు సహించును? బసవేశ్వరుడు కూడలసంగమమునకు వెడలిపోయెను. పిమ్మట బిజ్జలుడు హతుడయ్యెను. సైన్యము శరణులమీద పడెను. చెన్నబసవేశ్వరునితో ఒక సమూహము వచన తాళపత్రముల మూటలతో పడమటి కనుమలలోని ఉళవి వైపు తరలిపోయెను. ఆ సమూహమునకు వెనుక నిలిచి, తఱుముచు వచ్చు సైనికులను ఎదిరించిన వీరులలో ముందుగా చెప్పవలసిన పేరు మాచయ్యదే. నాడు ఆయన కాపాడినవి శరణుల ప్రాణములు, వారి మాటలు. నేడు మఠములలో వచనములు పారాయణ చేయుచున్నారనిన, ఆ తాటాకు మూటలకు కావలిగా ఒక చాకలి కత్తి పట్టుకొని నిలిచినందుననే గదా! ఆ దారిలోనే ఆయన లింగైక్యమందెనని సంప్రదాయము.

కన్నడ నేలనుండి ఆయన కథ తెలుగునకు త్వరగానే వచ్చెను. ఓరుగల్లు సీమలోని పాలకుర్తివాడైన సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో వ్రాయుచు, రాజులు, మంత్రులు, పండితులు కూర్చుండు కావ్యపు పీటమీద మడివాలు మాచయ్యను కూర్చుండబెట్టెను. ఆ తెలుగు గ్రంథమును ఆధారముగా చేసికొని 1369లో భీమకవి కన్నడమున బసవపురాణము రచించెను. పుట్టిన దేశమునకు మాచయ్య ఈ త్రోవను తెలుగు బట్ట కట్టుకొని తిరిగి వెళ్లెను.

పండితుల గ్రంథములకు వెలుపల ఆయనకు మఱియొక నివాసము కలదు. తెలంగాణ గ్రామములలో రజకులు కొలుచు కులదైవము మడేలయ్య. మడివాలయ్య యను పేరే వాడుకలో మడేలయ్య యయ్యెనని పెద్దలందురు. పటము విప్పి, బొమ్మలు చూపుచు, మడేలు పురాణమును పాడి వినిపించు కథకులు ఆ కులమునకు కలరు. దక్షయజ్ఞమును ధ్వంసము చేసిన వీరభద్రుని యంశయే మడేలయ్య యనియు, ఆ యుద్ధమున నెత్తురు తడిసిన వస్త్రముల నుదుకుటకు ఆయన పుట్టెననియు వారి కథ. వీరశైవ సంప్రదాయమునను మాచయ్య వీరభద్రాంశజుడే. కర్ణాటకమున ఫిబ్రవరి 1వ తేదీన మాచిదేవ జయంతిని ప్రభుత్వమే జరుపుచున్నది. తెలుగు పల్లెలలో పెండ్లి ఊరేగింపునకు దివిటీ పట్టినదియు, పెండ్లివారి అడుగుల ముందు మడుగులు పఱచినదియు చిరకాలము ఆయన కులమువారే. ఆ పఱచిన బట్టమీద నడచి లోనికి వచ్చిన పెండ్లికూతురు, మఱునాడు మడి కట్టుకొనవలసి వచ్చినపుడు, ఆ బట్టనే మరల నీట ముంచి దండెము మీద వేసెడిది.